మూడో చరుపు పడేలోపు

2014 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, సూపర్‌డోమ్ స్టేడియంలో రెజిల్‌మేనియా 30 జరిగింది. ప్రొఫెషనల్ రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద షో అది. అప్పటికి అండర్‌టేకర్ రెజిల్‌మేనియాల్లో 21 సార్లు గెలిచాడు, ఒక్కసారి కూడా ఓడలేదు. ఆ రాత్రి బ్రాక్ లెస్నర్ అతన్ని భుజాల మీదికెత్తి గిరగిరా తిప్పి ఎఫ్-5 వేశాడు. అండర్‌టేకర్ కిక్ అవుట్ చేశాడు, అంటే రిఫరీ మూడు లెక్కపెట్టేలోపు భుజం లేపాడు. లెస్నర్ ఇంకోసారి వేశాడు. మళ్లీ భుజం లేచింది. మూడోసారి వేసి మీద పడ్డాడు. రిఫరీ అరచెయ్యి మూడుసార్లు మ్యాట్‌ను చరిచింది. ఆ తర్వాత కాసేపు అక్కడ ఏం జరిగిందో ఎవరికీ అందలేదు. కెమెరా జనం వైపు తిరిగితే తెరిచిన నోళ్లు, తలమీద పెట్టుకున్న చేతులు. తెర మీద 21-1 అని అంకె పడ్డాకగానీ చాలామందికి నమ్మకం కలగలేదు.

నాలుగేళ్లు గడిచాయి. 2018 ఏప్రిల్ 8, రెజిల్‌మేనియా 34. అదే సూపర్‌డోమ్, అదే లెస్నర్, అదే ఎఫ్-5. ఎదురుగా రోమన్ రెయిన్స్. ఎఫ్-5 పడింది, రెయిన్స్ లేచాడు. మళ్లీ పడింది, మళ్లీ లేచాడు. ఆ తర్వాతా అంతే. జనం రింగు వైపు చూడటం మానేసి బీచ్ బంతులు ఎగరేసుకున్నారు, విసుగుతో కేకలు వేశారు. చివరికి లెస్నరే గెలిచాడు. గెలిచినందుకు సంతోషించినవాళ్లూ లేరు, ఓడినందుకు ఏడ్చినవాళ్లూ లేరు.

రెయిన్స్‌ను కంపెనీ బలవంతంగా నెత్తిన పెడుతోందన్న కోపం జనంలో అప్పటికే ఉంది. షో కూడా గంటల తరబడి సాగింది, చూసేవాళ్లు అలసిపోయారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ రెండు రాత్రుల మధ్య తేడాకు ఈ కారణాలు మాత్రమే చాలవు. 2014లో మూడో ఎఫ్-5 పడేటప్పటికి ‘ఇది అయిపోవచ్చేమో’ అన్న భయం ఆ గుంపులో ఎక్కడో ఓ మూల ఉంది. 2018లో ఏ ఎఫ్-5 దగ్గరా ఆ భయం లేదు. కిక్ అవుట్‌కు ప్రాణం పోసేది ఆ భయమే. దాన్ని సంపాదించి పెట్టేవి అంతకుముందు నిజంగా ముగిసిపోయిన పిన్‌లు. గత ఇరవై ఏళ్లలో పెద్ద మ్యాచ్‌లు రాసేవాళ్లు ఈ లెక్క మరిచిపోయారని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెజ్లింగ్ పెద్దగా చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఎదుటివాడి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి, రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా ఆపితే అది పిన్. మూడు పడేలోపు ఒక్క భుజం లేపినా కిక్ అవుట్. చెయ్యో కాలో తాడు మీద పడినా లెక్క ఆగిపోతుంది. నియమాలు ఇంతే. మన కుస్తీలో అయితే ఇంత సమయం కూడా ఉండదు. వీపు నేలకు తగిలిందా, చిత్తయినట్టే. 1928లో పటియాలాలో గామా పహిల్వాన్ పోలెండ్ మల్లుడు జ్బిస్కోను ఒక్క నిమిషం కూడా తిరక్కుండానే పడేశాడు. అంతకు పద్దెనిమిదేళ్ల ముందు లండన్‌లో ఇదే జ్బిస్కో నేలకు కరుచుకుపోయి రెండున్నర గంటలకు పైగా గామాకు లొంగలేదు. అసలు పోటీ ఇలాగే ఉంటుంది: అయితే చూడలేనంత పొడుగు, లేకపోతే రెప్పపాటు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ చేసిన గొప్ప పని ఏమిటంటే ఆ రెప్పపాటును సాగదీసి మూడు చరుపులుగా విడగొట్టడం. మొదటి చరుపుకు చూసేవాడు తల తిప్పుతాడు, రెండో దానికి లేచి నిలబడతాడు. రెండుకూ మూడుకూ మధ్య ఉన్న ఖాళీలోనే కథంతా నడుస్తుంది.

‘అదంతా ముందే రాసుకున్నదే కదా, ఇందులో ఉత్కంఠ ఎక్కడుంది’ అని అడిగేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. టెన్ స్పోర్ట్స్‌లో స్మాక్‌డౌన్ చూస్తున్న ప్రతిసారీ మా బాబాయి గుమ్మంలో నిలబడి ‘ఉత్తుత్తి దెబ్బలురా అవి’ అని ఓ మాట అనకుండా వెళ్లేవాడు కాదు. అదే బాబాయి ఊళ్లో పద్యనాటకం పడితే తెల్లవార్లూ మేలుకునేవాడు. రాయబారంలో కృష్ణుడు సంధి కుదర్చలేడని, యుద్ధం జరిగి తీరుతుందని అక్కడ కూర్చున్న చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అయినా పద్యం ఎత్తుకోగానే గాలి ఆగినట్టు అందరూ నిశ్శబ్దమవుతారు, రాగం తీసి దించగానే వన్స్ మోర్ కొడతారు. ముగింపు రాసి ఉండటం వల్ల ఉత్కంఠ చచ్చిపోదు. రెజ్లింగ్‌లో ఇంకో సుగుణం కూడా ఉంది. ముగింపు ఏమిటో రాసినవాళ్లకు తెలుసు, ఆడేవాళ్లకు తెలుసు, మనకు తెలియదు. ఏ పిన్ చివరిదో తెలియకుండా ప్రతి పిన్‌నూ చూస్తాం.

ఆడేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ మూడు లెక్క చాలా సున్నితమైన పని. కింద పడినవాడు కళ్లు మూసుకుని ఉంటాడు. రిఫరీ చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో మ్యాట్ చప్పుడును బట్టి పసిగట్టాలి. తొందరపడి లేచాడా, దెబ్బకు విలువ పోతుంది. ఆలస్యం చేశాడా, మ్యాచ్ అక్కడే అయిపోవచ్చు. పైనున్నవాడు బరువు ఎంత వెయ్యాలో, ఎప్పుడు వదలాలో తెలిసినవాడై ఉండాలి. లేకపోతే కింది మనిషి భుజం లేపడానికి చోటే ఉండదు. రిఫరీ ప్రతి పిన్‌నూ ఒకే వేగంతో లెక్కపెట్టాలి. ఫలానా పిన్ దగ్గర చెయ్యి కాస్త నెమ్మదించిందంటే అలవాటైన ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు, ‘ఇది చివరిది కాదు’ అని. మంచి రిఫరీని మ్యాచ్ మొత్తంలో మనం గమనించనే గమనించం. ఆ ముగ్గురిలో ఎక్కువ మెచ్చుకోవలసింది అతన్నే అని నాకనిపిస్తుంది.

పైనున్నవాడు కాలు పట్టాడా లేదా అన్నది కూడా ఒక భాషే. ఎదుటివాడి కాలు ఎత్తి మోకాలి దగ్గర చెయ్యి వేసి బిగించాడంటే గెలవాలని ఉన్నట్టు. ఛాతీ మీద ఒక చెయ్యి వాల్చి ఊరుకున్నాడంటే పొగరన్నా అయి ఉండాలి, ఒంట్లో సత్తువ లేకపోవడమన్నా అయి ఉండాలి. దెబ్బ కొట్టినవాడే అలసిపోయి పాక్కుంటూ వచ్చి పిన్ వేస్తే, కింది మనిషికి తేరుకునే వ్యవధి దొరికిందని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. అలాంటప్పుడు కిక్ అవుట్ జరిగినా దెబ్బ పరువు పోదు. పాతకాలపు ఆటగాళ్లు ఇది బాగా ఎరిగినవాళ్లు. ఇప్పుడేమో ఎంత పెద్ద ఫినిషర్ (మ్యాచ్ ముగించడానికి ఆటగాడు దాచుకునే పెద్ద దెబ్బ) వేసినా వెంటనే మీద పడతారు, కాలు పడతారు, గట్టిగా బిగిస్తారు, అయినా అవతలివాడు లేస్తాడు. దెబ్బకు తప్పించుకునే సాకు ఒక్కటీ మిగలదు.

పిన్ వేసిన భంగిమతోనే మనిషి ఎవరో చెప్పడం కూడా ఉంది. 2006 మే 21న జడ్జ్‌మెంట్ డే అనే షోలో మన హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన దలీప్ సింగ్ రాణా, అంటే గ్రేట్ ఖలీ, అండర్‌టేకర్ ఛాతీ మీద ఒక్క కాలు పెట్టి నిలబడ్డాడు. వంగలేదు, కాలు పట్టలేదు. మూడు పడ్డాయి. ఆ ఒక్క అడుగు ఖలీ గురించి చెప్పినంత, ఆ తర్వాత ఏళ్ల తరబడి అతను ఆడిన ఏ మ్యాచ్ కూడా చెప్పలేదు. 2021లో రెజిల్‌మేనియా 37 చివర రోమన్ రెయిన్స్ ఎడ్జ్‌ను, డేనియల్ బ్రయన్‌ను ఒకరి మీద ఒకరిని పడేసి, ఇద్దరినీ ఒకేసారి పిన్ చేశాడు. ‘వీళ్లిద్దరూ కలిసినా నాకు సరితూగరు’ అని నోటితో చెప్పాల్సిన అవసరమే రాలేదు. 2018లో అదే రెయిన్స్‌ను ఎన్ని కిక్ అవుట్‌లు కూడా గొప్పవాణ్ణి చేయలేకపోయాయి. ఒక్క పిన్ ఆ పని చేసింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పిన్ ఇంకా చిన్నది. 1994 మార్చి 20, న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్, రెజిల్‌మేనియా 10. మొదటి మ్యాచ్‌లోనే అన్నదమ్ములు ఎదురుపడ్డారు: బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్. కెనడాలోని కాల్గరీలో స్టూ హార్ట్‌కు పన్నెండుమంది పిల్లలు. అందరిలోకీ చిన్నవాడు ఓవెన్. కథలోనూ అదే అతని బాధ. అన్న ఒకప్పటి ఛాంపియన్, అన్న పోస్టర్ల మీద, తను ఎప్పుడూ అన్న వెనక. బ్రెట్‌కు తమ్ముడితో తలపడటమే ఇష్టం లేదు. దాదాపు ఇరవై నిమిషాలు ఆడారు. చివర బ్రెట్ తమ్ముడి భుజాల మీదికెక్కి ముందుకు దొర్లి పిన్ చేయబోయాడు. ఓవెన్ పడకుండా కాసుకుని, అన్న కాళ్లను అలాగే బిగించి కూర్చుండిపోయాడు. ఒకటి, రెండు, మూడు. అంతే. ఫినిషర్ లేదు, కుర్చీ లేదు, మోసం లేదు. అన్న వేసిన ఎత్తునే తమ్ముడు తిప్పి అన్న మీద వేశాడు.

ఆ పిన్ ఎందుకంత బాగుందంటే అది ఇద్దరినీ నిలబెట్టింది. ఓవెన్ నిజంగా గెలిచాడు, ఎవరూ కాదనలేరు. బ్రెట్‌ను ఎవరూ చితకబాదలేదు, ఒక్క క్షణం పట్టు తప్పాడు అంతే. అందుకే అదే రాత్రి చివర బ్రెట్ యోకోజునాను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయితే మనకు వింతగా అనిపించదు. అందరూ బ్రెట్‌ను భుజాల మీదికెత్తుకుంటుంటే ఓవెన్ రింగు బయట దారిలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. తను గెలిచాడు, అన్నకు బెల్ట్ వచ్చింది. తర్వాత నెలల తరబడి నడిచిన పగకు అక్కడే మొలక వేశారు. మొదటి మ్యాచ్ ఏ కిందామీదా పడే ఫినిషర్‌తోనో ముగిసి ఉంటే ఈ కథ ఒక్క అడుగు కూడా ముందుకు సాగేది కాదు.

బ్రెట్ హార్ట్‌కు ఇలాంటి ముగింపుల మీద మంచి పట్టు ఉండేది. 1992లో రోడీ పైపర్ వెనక నుంచి మెడ బిగిస్తే, మూల స్తంభం మీద కాళ్లు తన్ని వెనక్కి దొర్లి అతని మీదే పడి పిన్ చేశాడు. నాలుగేళ్ల తర్వాత సర్వైవర్ సిరీస్‌లో స్టీవ్ ఆస్టిన్ మెడ పట్టినప్పుడు మళ్లీ అదే చేశాడు. గుర్తున్నవాడికి అదొక ఆనందం, గుర్తులేనివాడికి కొత్త మలుపు. ఇంకో జంట ఉదాహరణ కూడా చెప్పి తీరాలి. 1987 మార్చి 29న రెజిల్‌మేనియా 3లో ర్యాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ పావుగంట ఆడారు. రెండు దాకా వెళ్లి తప్పిపోయిన పిన్‌లే అందులో డజనుకు పైన ఉంటాయి. చివరికి సావేజ్ ఎత్తి పడేయబోతుంటే స్టీమ్‌బోట్ అతన్ని గాల్లోనే ముడుచుకుని స్మాల్ ప్యాకేజ్‌తో (మెడనూ కాలునూ కలిపి ఉండలా చుట్టే పిన్‌తో) గెలిచాడు. రెండేళ్లకు 1989 మే 7న నాష్‌విల్‌లో అదే స్టీమ్‌బోట్ రిక్ ఫ్లేర్‌ను ఎత్తి పడేయబోయాడు. దెబ్బతిన్న మోకాలు నిలవలేదు. ఫ్లేర్ అతన్ని ముడిచి స్మాల్ ప్యాకేజ్‌తో బెల్ట్ తీసుకుపోయాడు. వేరే కంపెనీ, వేరే ప్రత్యర్థి. కానీ 1987లో తను చేసిందే 1989లో తనకు జరిగింది. ఎవరూ దాన్ని మైకులో ఎత్తి చూపాల్సిన పనిలేదు.

సావేజ్-స్టీమ్‌బోట్ మ్యాచ్‌లో డజను కిక్ అవుట్‌లుంటే దాన్ని మెచ్చుకుని, లెస్నర్-రెయిన్స్‌ను తప్పుపట్టడం న్యాయమా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. సావేజ్, స్టీమ్‌బోట్ వాడినవి చాలావరకు రోల్-అప్‌లు, అంటే ఎదుటివాణ్ణి ముడిచి పట్టడాలు, ఒకరినొకరు దొర్లించుకోవడాలు. వీటిలో ఏదైనా ఏ క్షణాన్నయినా గెలిపించగలదని, ఒకవేళ గెలిపించకపోయినా దాని పరువేమీ పోదని అందరికీ తెలుసు. చేజారిన రోల్-అప్ రేపు మళ్లీ పనికొస్తుంది. చేజారిన ఎఫ్-5 రేపటికి సగం ఎఫ్-5. నాకు కిక్ అవుట్‌ల సంఖ్యతో పేచీ లేదు. దేని నుంచి లేస్తున్నారన్నదే పేచీ.

ఫినిషర్ నుంచి లేవడమే తప్పు అని కూడా నేననను. నా జీవితంలో చూసిన గొప్ప కిక్ అవుట్ అలాంటిదే. 2009 ఏప్రిల్ 5, హ్యూస్టన్, రెజిల్‌మేనియా 25. షాన్ మైకేల్స్, అండర్‌టేకర్. అప్పటికి రెజిల్‌మేనియాల్లో అండర్‌టేకర్ లెక్క 16-0. మ్యాచ్ మధ్యలో అండర్‌టేకర్ తాళ్ల మీదుగా బయటికి దూకాడు. తల ఒరిగి నేలను తాకిన తీరు చూసి నిజంగానే దెబ్బ తగిలిందేమోనని ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. రిఫరీ బయట ఉన్నవాడి కోసం పది లెక్క మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర అండర్‌టేకర్ రింగులోకి పడ్డాడు. ఇలా కౌంట్ అవుట్‌తో కూడా మ్యాచ్ ముగియొచ్చని ముందే మనకు నేర్పారు. ఆ తర్వాతే అండర్‌టేకర్ టూమ్‌స్టోన్ వేశాడు. ఎదుటివాణ్ణి తలకిందులుగా పట్టుకుని నెత్తి మ్యాట్‌కు కొట్టే అతని ఫినిషర్ అది. అండర్‌టేకర్ మైకేల్స్ చేతుల్ని శవానికి ముడిచినట్టు ఛాతీ మీద ముడిచి మీద వాలాడు. ఒకటి. రెండు. భుజం లేచింది.

తర్వాత కెమెరా మైకేల్స్‌ను పట్టుకోలేదు. అండర్‌టేకర్ మొహాన్ని పట్టుకుంది. కళ్లు అంత పెద్దవి చేసి చూసిన అండర్‌టేకర్‌ను మనం అంతకుముందు చూడలేదు. టూమ్‌స్టోన్ నుంచి లేచినవాళ్లు అరుదు. 1998లో కేన్ లేచాడు. అతను కథ ప్రకారం తమ్ముడు, అతన్ని ఓడించడానికి మూడు టూమ్‌స్టోన్లు కావలసి వచ్చాయి. మైకేల్స్ ఎవరి తమ్ముడూ కాదు, అండర్‌టేకర్ పక్కన చూస్తే చిన్న మనిషి. ఆ భుజం లేవడంతో రెండు విషయాలు తెలిశాయి: ఇతను మామూలుగా చావడు, ఆ రాక్షసుడికి కూడా భయం వేస్తుంది. మ్యాచ్ ముగిసింది కూడా మైకేల్స్ అత్యాశ వల్లే. పై తాడు మీది నుంచి మూన్‌సాల్ట్ (వెనక్కి పల్టీ కొడుతూ మీద పడటం) దూకబోతే అండర్‌టేకర్ గాల్లోనే పట్టుకుని మళ్లీ టూమ్‌స్టోన్ వేశాడు. ఈసారి లేవలేదు. ఆ కిక్ అవుట్ తర్వాత ఏదో మారింది. ఫినిషర్ నుంచి లేచినవాడి కథ, వేసినవాడి కథ రెండూ అక్కడి నుంచి వేరే దారి పట్టాలి. ఏ దారీ పట్టకపోతే ఆ కిక్ అవుట్‌ను తీసేసినా మ్యాచ్‌కు వచ్చే నష్టం ఉండదు.

ఆ తర్వాతే దారి తప్పారు. 2011లో ట్రిపుల్ హెచ్ అండర్‌టేకర్‌కే టూమ్‌స్టోన్ వేశాడు, అతను లేచాడు. 2012లో మైకేల్స్ రిఫరీగా ఉండి సూపర్‌కిక్ కొట్టాడు, ఆ వెంటనే ట్రిపుల్ హెచ్ తన ఫినిషర్ పెడిగ్రీ వేశాడు, అయినా లేచాడు. ఆ 2012 కిక్ అవుట్ నాకు కూడా ఇష్టం. ఆ క్షణాన నేనూ మంచం మీంచి దూకినవాణ్ణే. కానీ అక్కడి నుంచి ప్రతి పెద్ద మ్యాచ్‌కూ అదే కొలబద్ద అయింది. ఫినిషర్ వేసి, అవతలివాడు లేచి, వేసినవాడు నోరు తెరిచి రిఫరీని చూడకపోతే అది పెద్ద మ్యాచే కాదన్నట్టు తయారైంది. 2009లో అండర్‌టేకర్ చూపిన విస్మయాన్ని ఇప్పుడు వారం వారం ఎవరో ఒకరు చూపుతూనే ఉన్నారు.

ఇదే బాట జపాన్‌లో ఎక్కడికి తీసుకెళ్లిందో కూడా చెప్పాలి. అక్కడి ఆల్ జపాన్ కంపెనీలో 1990ల్లో మిత్సుహారు మిసావా, కవాడా, కొబాషి, తావుయే ఆడిన మ్యాచ్‌లను నేను రెజ్లింగ్‌లో పరాకాష్ట అనుకుంటాను. 1990 జూన్ 8న టోక్యో బుడోకాన్‌లో కుర్ర మిసావా, దిగ్గజం జంబో త్సురుతాను పిన్ చేశాడు. ఏ మహాస్త్రంతోనూ కాదు, పట్టును ఎదురు తిప్పి మీద పడి. ఒక తరం ఇంకో తరానికి పగ్గాలు అప్పగించడం ఆ ఒక్క పిన్‌లో ఉంది. కవాడా ఏళ్ల తరబడి మిసావాతో పోరాడాడు, ఒక్కసారి కూడా పిన్ చేయలేకపోయాడు. 1995 జూన్ 9న ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ట్యాగ్ మ్యాచ్‌లో మొదటిసారి చేశాడు. ఆ చివరి నిమిషాల్లో మిసావా జోడీ కొబాషి, కాలు దెబ్బతిని నిలబడలేని స్థితిలో, పాక్కుంటూ వెళ్లి మిసావా ఒంటి మీద తన ఒళ్లు కప్పి కాపాడాలని చూస్తాడు. పిన్ కాబోయేవాణ్ణి ఇంకొకడు తన దేహంతో దాచడం. కవాడాకు దొరికిన ఆ మూడు లెక్క వెనక అన్నేళ్ల కథ ఉంది.

అయితే ఆ మ్యాచ్‌లలో జనాన్ని నమ్మించడానికి దెబ్బలు ఏటేటా పెరిగాయి. తల మీద, మెడ మీద పడేలా ఎత్తి పడేయడం మామూలయింది. ఒక దెబ్బ నుంచి లేచాక, తర్వాతి దెబ్బ అంతకంటే భయంకరంగా ఉండక తప్పదు. 2009 జూన్ 13న హిరోషిమాలో మ్యాచ్ మధ్యలో బ్యాక్ సూప్లెక్స్ (వెనక నుంచి ఎత్తి వెనక్కి పడేసే దెబ్బ) తిన్నాక మిసావా లేవలేదు, చనిపోయాడు. 46 ఏళ్లు. అప్పటికి అతను సొంతంగా స్థాపించిన నోవా కంపెనీకి అధినేత, ఒంట్లో పాత గాయాలు ఎన్నో మోస్తూ ఆడుతున్నవాడు. ఒక మనిషి మరణాన్ని నా వాదనకు సాక్ష్యంగా వాడటం నాకు ఇష్టం లేదు. కానీ కిక్ అవుట్‌లను విచ్చలవిడిగా ఖర్చు పెడితే ఆ ధర ఎవరో ఒకరి మెడ చెల్లించాల్సి వస్తుంది. దీన్ని దాటి ఈ విషయం మాట్లాడటం అన్యాయం.

అదే జపాన్‌లో దీనికి మందు కూడా ఉంది. 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ఒకాడా, కెన్నీ ఒమెగా 46 నిమిషాలకు పైగా ఆడారు. ఒమెగా ఫినిషర్ వన్ వింగ్డ్ ఏంజెల్ ఒక్కసారి కూడా పడలేదు. పడనిచ్చి లేపడానికి బదులు అసలు పడనివ్వలేదు. అయిదు నెలల తర్వాత ఒసాకాలో పడింది. ఒకాడా లేవలేదు. అతని కాలు తాడు మీద పడింది. దెబ్బ దెబ్బగానే మిగిలింది, ఒకాడా అదృష్టవంతుడు, అంతే. అరవై నిమిషాలు నిండి డ్రా అయింది. 2018 జూన్ 9న అదే ఒసాకాలో అదే ఫినిషర్‌తో ఒమెగా గెలిచి బెల్ట్ అందుకున్నాడు. ఏడాదిన్నర పాటు ఒక్క దెబ్బ పరువు కాపాడి, దాన్ని సరైన రాత్రి వాడారు. ఆ మ్యాచ్‌లలోనూ కిక్ అవుట్‌లు బోలెడు. అయినా చూసేవాడి భయం చెక్కు చెదరలేదు.

ఇంకో మందు: అప్పుడప్పుడు మొదట్లోనే ముగించాలి. 2012లో రెజిల్‌మేనియా 28లో షేమస్ 18 సెకన్లలో డేనియల్ బ్రయన్‌ను పిన్ చేస్తే అందరికీ ఒళ్లు మండింది, నాకూ మండింది. బ్రయన్ అభిమానిగా ఆ రాత్రి నేను క్షమించలేదు. కానీ ఆ కోపమే బ్రయన్ వెనక ఉప్పెన అయింది. రెండేళ్ల తర్వాత, అండర్‌టేకర్ ఓడిన అదే రాత్రి, అతను ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మొదటి నిమిషంలోనే మ్యాచ్ అయిపోవచ్చని ఒకసారి చూపించాక, తర్వాతి పది మ్యాచ్‌లలో మొదటి నిమిషంలో వేసిన ప్రతి పిన్‌కూ మనం ఉలిక్కిపడతాం. ఇప్పటి పెద్ద షోలలో మొదటి పది నిమిషాల పిన్‌లను ఎవరూ తల తిప్పి కూడా చూడరు. ఎందుకు చూడాలి? అవి ముగిసిన దాఖలా లేదు కదా.

జనమే అడుగుతున్నారు కాబట్టి ఇస్తున్నాం అని రాసేవాళ్లు అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి డబ్ల్యూడబ్ల్యూఈ వచ్చింది. చివరి మ్యాచ్‌లో జాన్ సీనా, సెత్ రాలిన్స్ ఒక జట్టు. బెల్ట్ లేదు, పగ లేదు, ఫలితం మీద ఎవరికీ అనుమానం లేదు. అయినా నా చుట్టూ ఉన్న పిల్లలు ప్రతి మామూలు పిన్‌కూ ‘వన్, టూ’ అని గొంతు చించుకుంటూ రిఫరీతో పాటు లెక్కపెట్టారు. సీనా భుజం లేవగానే హాలంతా ఊపిరి వదిలింది. ఫినిషర్ల నుంచి లేవమని వాళ్లెవరూ అడగలేదు. మూడో చరుపు పడుతుందేమోనన్న చిన్న అనుమానం ఇస్తే చాలు, మిగతాది వాళ్లే తెచ్చుకున్నారు.

మేం బళ్లో ఆడుకున్న ట్రంప్ కార్డుల్లో ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య ఉండేవి. ఎలా గెలిచారో ఉండేది కాదు. ఎలా అన్నదే అసలు సంగతని తర్వాత తెలిసింది. ఒక లెక్క తప్పితే దాని చుట్టూ ఏడాది కథ అల్లొచ్చని 1987-88లో చూపించారు. రెజిల్‌మేనియా 3 చివరి మ్యాచ్ మొదట్లో హల్క్ హోగన్ ఆండ్రే ది జెయింట్‌ను ఎత్తబోయి కింద పడ్డాడు, ఆండ్రే అతని మీద పడ్డాడు, భుజం లేచిందా మూడు పడిందా అన్నట్టు లెక్క ఆగింది. హోగన్ ఆ తర్వాత గెలిచినా, ‘నేను అప్పుడే గెలిచాను’ అన్న మాట ఆండ్రే వదల్లేదు. 1988 ఫిబ్రవరి 5న హోగన్ భుజం స్పష్టంగా లేచి ఉండగా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. అసలు రిఫరీ డేవ్ హెబ్నర్ స్థానంలో అతని కవల ఎర్ల్ నిలబడ్డాడని ఆ తర్వాతే బయటపడింది. 1984 నుంచి హోగన్ దగ్గరున్న బెల్ట్ అలా పోయింది. ఒకసారి సందేహంగా మిగిలిన లెక్క, ఇంకోసారి దొంగ లెక్క. రెండింటినీ కలిపింది ఒక్క భుజం.

వారం వారం వచ్చే రా లాంటి షోలకు నేను అడిగేది ఇంత పెద్ద కుట్ర కూడా కాదు. 1993 మే 17 నాటి రా చాలు. ది కిడ్ అని పిలిచే బక్కపలచని కుర్రాడు, గెలవడం అంటే ఏమిటో తెలియనివాడు, రేజర్ రమోన్‌కు ఎదురు నిలిచాడు. రేజర్ నవ్వుతూ నలగ్గొడుతున్నాడు. కుర్రాడు పై తాడు మీది నుంచి మూన్‌సాల్ట్ దూకి అతని మీద పడ్డాడు. రేజర్ లేస్తాడనే అందరూ అనుకున్నారు, రేజర్ కూడా. మూడు పడిపోయాయి. అప్పటి నుంచి ఆ కుర్రాడి పేరే వన్-టూ-త్రీ కిడ్. రేజర్ పరువు కోసం పదివేల డాలర్లు పందెం కట్టి మళ్లీ మ్యాచ్ అడిగితే, ఆ కుర్రాడు డబ్బు సంచీ పట్టుకుని పారిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలు రాలో పేరులేని ఏ కుర్రాడు ఏ పెద్దవాడి మీద పడినా జనం సీట్ల అంచుకు జరిగారు.